ఒంటరి బాటసారికి ఊరి అన్నము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామములో గ్రంథాలయము తలుపులు మూతపడకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. ఆ కష్టమెట్టిదో తెలిసిన పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు గనుక నేను దానిని గూర్చి ఎక్కువగా చెప్పను. కార్యదర్శిగారు నన్ను యాత్రాగ్రంథములను గూర్చి మాట్లాడుమని కోరినారు. యాత్రలనగానే కొండలు, నదులు, గుడులు, గోపురములు వర్ణించుట ఆచారము. వానిని మీరు పుస్తకములలో చదువుకొనగలరు. నేను వాని కంటె ముందుగా ప్రతి బాటసారికి ఎదురగు సంగతిని తీసికొనుచున్నాను. ఒంటరిగా పరాయి ఊరికి పోయినవాడు ఎక్కడ తినవలెను, ఏమి తినవలెను, ఎవరితో మాట్లాడవలెను అన్నదే ఆ సంగతి. ఇది చిన్న విషయమని కొందరు నవ్వవచ్చును. ఆకలిగొన్నవాడు మాత్రము నవ్వడు.

నేను సికింద్రాబాదులో కార్ఖానా అను పేటలో నివసించుచున్నాను. కార్ఖానా అనగా ఉర్దూలో పనిశాల. అది దండు ప్రాంతము. 1806లో నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదు ఏర్పడినది మొదలు అక్కడ సైన్యముండుట చేత, ఊరికి ‘లష్కర్’ అను పేరు కూడ జనుల నోట నిలిచిపోయినది. నేటికిని ఆషాఢమాసములో ‘లష్కర్ బోనాలు’ అనియే అందురు. కరీంనగరము నుండి వచ్చు రహదారి తిరుమలగిరి దాటి, మా పేట నడుమగా జూబిలీ బస్సు స్టేషనుకు పోవును. కనుక మీవంటి ఊళ్ళ నుండి పట్నమునకు వచ్చు బస్సులు తెల్లవారుజాము నుండి మా ఇంటి ముందే సాగిపోవుచుండును. వానిలో నుండి సంచి చేతబట్టుకొని దిగువారిని నేను చాల ఏండ్లుగా చూచుచున్నాను. ఒకడు పరీక్ష వ్రాయుటకు, ఒకడు సైన్యములో చేరుటకు, ఒక అమ్మాయి ఉద్యోగపు సంభాషణకు, ఒక రైతు ఆస్పత్రిలోనున్న తమ్ముని చూచుటకు వచ్చుదురు. చాలమంది ఒంటరిగానే వచ్చుదురు.

వారు తినునది చూచిన జాలి కలుగును. హోటలు పెద్దదిగా కనిపించిన లోపలికి పోవుటకు జంకు. చిన్నదిగా కనిపించిన శుభ్రతను గూర్చి అనుమానము. చివరకు దుకాణములో ఒక బిస్కత్తు పొట్లము, ఒక సీసా నీళ్ళు కొని, దినమెల్ల దానితో గడుపుదురు. మూడు దినములు పట్నములో ఉండి, టిక్కెట్టు అడుగుటకు తప్ప నోరు విప్పక తిరిగి పోయినవారిని నేనెరుగుదును. పట్నమెట్లున్నదని ఊరిలో అడిగిన, “ఏమున్నది, మనిషే కనబడలేదు” అని చెప్పుదురట. లక్షలమంది ఉన్న చోట మనిషి కనబడలేదన్న మాటను తేలికగా తీసివేయరాదు. నేడు నా ప్రసంగమంతయు ఆ మాటను గూర్చియే.

ఈ కాలమున చేతిలో ఫోను ఉన్నది గదా, అందులో హోటళ్ళ పేర్లు, వానికి జనులిచ్చిన నక్షత్రములు, దారి చూపు పటము అన్నియు ఉన్నవి గదా అని యువకులు అడుగవచ్చును. ఉన్నవి. నేనును వాడుచున్నాను. దారి తెలిసికొనుటకు దానిని మించినది లేదు. కాని ఆ నక్షత్రములిచ్చినవారిలో నావంటి పైవారే ఎక్కువ. పైవారు పైవారికి చెప్పిన మాటను పట్టుకొని పోయిన, పైవారి నడుమనే కూర్చుండి తిని రావలసియుండును. 1953లో ఒక సినిమాశాల ప్రక్కన చిన్న కాఫీ దుకాణముగా మొదలైన ప్యారడైజు మా కార్ఖానాకు దూరము కాదు. క్రొత్తగా వచ్చిన ప్రతివానిని అక్కడికి బిర్యానికి పంపుట మా ఊరి మర్యాద. పోయి తినండి, వద్దనను. అయితే అక్కడ మీ ప్రక్క బల్లపై కూర్చున్నవాడును మీవలె నిన్న రాత్రి రైలు దిగినవాడే అగుటకు అవకాశమెక్కువ.

“ఇక్కడ తినుటకు ఏది మంచిది?” అని అడిగిన, ఎదుటివాడు అతిథికి చెప్పదగిన పేరు చెప్పును. “మీరు ఈ ప్రొద్దున ఏమి తిన్నారు?” అని అడిగి చూడుడు. అతడు ఒక క్షణమాగును, నవ్వును, నిజము చెప్పును. ఆ నిజములో ఒక బండి, ఒక సందు, ఒక వేళ ఉండును. ఆటో నడుపువారు, మూటలు మోయు కూలీలు, పాలు పోయువారు తెల్లవారక ముందే పనికి దిగువారు. వారు రుచిలేనిదానికి రెండవసారి డబ్బు పెట్టరు, ఖరీదైనదానికి మొదటిసారియే పెట్టలేరు. వారు నిలుచున్న చోట నిలుచుట మంచిది. వేళ కూడ ముఖ్యము. ఇడ్లీ ఆరింటికి తినవలెను, మిరపకాయ బజ్జి సాయంకాలము బాణలి ముందు నిలిచి తినవలెను. పదకొండు గంటలకు మిగిలిన ఇడ్లీ తిని, ఈ ఊరి ఇడ్లీ బాగులేదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. నలువది వంటకముల పట్టిక వ్రేలాడదీసిన చోట కంటె, రెండే వంటకములుండి, అవి అయిపోగానే దుకాణము కట్టివేయు చోట నాకు నమ్మకమెక్కువ.

గుంతకల్లు స్టేషనులో ఒకమారు తెల్లవారుజామున రైలు దిగితిని. నాకు అక్కడ తెలిసినవారెవ్వరును లేరు. స్టేషను బయట ఒక బండి చుట్టు పదిమంది రైల్వే పనివారు నిలిచియుండిరి. ఆ ప్రాంతములో ఉదయమున ఉగ్గాని తినుదురు. బొరుగులను నీళ్ళలో ముంచి, వెంటనే తీసి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లుదురు. నీళ్ళలో ఒక్క క్షణము ఎక్కువైన ముద్దయగును, తక్కువైన గొంతులో గుచ్చుకొనును. దానికి తోడు మిరపకాయ బజ్జి ఉండి తీరవలెను. బండి దగ్గరి ఆమె నా ఆకు మీద ఉగ్గాని పెట్టి, “యా ఊరప్పా మీది?” అని అడిగినది. సికింద్రాబాదు అంటిని. “అంత దూరం నుంచి ఒక్కడివే వచ్చినావా?” అని, నేనడుగకయే మరియొక బజ్జి వేసినది. ప్రక్కన నిలిచిన ముసలి పనివాడు నా మొగము చూచి, “కారం తట్టుకుంటాడో లేదో చూడు అక్కా” అన్నాడు. నేను తట్టుకొనలేదు. పదిమందియు నవ్విరి, నేనును నవ్వితిని. ఆ నవ్వు తరువాత అతడు నేను పోవలసిన ఊరి బస్సు ఎక్కడ ఆగునో చెప్పుటయే గాక, ఆ ఊరిలో సాయంకాలము రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి ఎవరి మెస్సులో దొరుకునో కూడ చెప్పెను. ఇంటినుండి తెచ్చిన పులిహోర నా సంచిలో ఉన్నట్లయిన నేను స్టేషను బల్లమీదనే తినియుందును. పులిహోర తెచ్చుకొనవద్దని మా ఇంటివారితో ఎట్లు చెప్పుటయో నాకింకను తెలియదు.

ఇక్కడ ఇంకొక చిక్కున్నది. ఏ ఊరికైనను ప్రత్యేకమైన వంట చాలవరకు హోటలులో దొరకదు. మన సర్వపిండినే తీసికొనండి. బియ్యపుపిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కారము, కరివేపాకు కలిపి, గట్టిగా తడిపి, లోతైన గిన్నె లోపలి గోడకు చేతితో అద్ది, వ్రేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి, సన్నని సెగ మీద కాల్చుదురు. గిన్నెలో కాలును గనుక కొన్నిచోట్ల గిన్నప్ప అనియు, తపాల చెక్క అనియు అందురు. ఒక గిన్నెకు ఒకటే అగును. మరియొకటి చేయవలెనన్న గిన్నెను మరల చల్లార్చవలెను. ఇట్టి దానిని నూరుమందికి అమ్ముట ఏ హోటలువానికి సాధ్యము? నేడు పట్నములో కొందరు స్త్రీలు తయారుచేసి అమ్ముచున్నారు, మెచ్చదగినదే. అయినను గిన్నె నుండి తీసిన వేడి సర్వపిండి కావలెనన్న ఒక ఇంటి తలుపు తెరచుకొనవలెను. సంక్రాంతికి సకినాలును అట్టివే. కనుక మంచి తిండిని వెదకుట, మనిషిని వెదకుట రెండు పనులు కావు. పరిచయము లేని చోట రెండవ తరగతి తిండియే దొరకును.

మన పూర్వులకు ఈ చిక్కు తెలియనిది కాదు. దానికి వారు కనిపెట్టిన ఉపాయము పూటకూళ్ళ ఇల్లు. పూటకింత అని డబ్బు పుచ్చుకొని, ఇంటిలో వండినదానినే బాటసారికి పెట్టుట దాని పద్ధతి. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామము’లో లక్ష్మణవజ్ఝల ఇంటిలో ఒక్క రూకకు దొరకు భోజనము చెప్పబడినది. సువాసన గల బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, కమ్మని నేయి, పెసరపప్పు, అరటిపండ్లు మొదలైనవన్నియు ఆ విస్తరిలో ఉన్నవి. ఆ కావ్యము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని పండితులు వాదించుకొనిరి. విస్తరి మాత్రము ఓరుగల్లుదే. సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాయునప్పుడు రాజుల యుద్ధముల కంటె ఇట్టివానిని ఏరుకొనిరి. అందుచేతనే ఆ పుస్తకము నేటికిని చదువబడుచున్నది. 1955లో తెలుగునకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ పురస్కారము దానికే లభించినది. మీ గ్రంథాలయములో అది లేనియెడల తెప్పింపవలసినదని మనవి. గురజాడవారి ‘కన్యాశుల్కము’లోని పూటకూళ్ళమ్మను మీరెల్లరు ఎరుగుదురు. వెనుకటి కాలములో భర్తను కోల్పోయిన స్త్రీలకు ఎందరికో ఈ వృత్తియే జీవనాధారమైనది. నాటకములో ఆమెను చూచి నవ్వుకొందుము గాని, ఆమె ఇంటి అన్నము తిన్న ఒంటరివారి లెక్క ఎవ్వరును వ్రాయలేదు.

యాత్ర అనగానే ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలచుకొనక తప్పదు. ఆయన చెన్నపట్టణము సుప్రీము కోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగా హైదరాబాదు చేరి, మా సికింద్రాబాదు దండును చూచి, నాగపురము దారి పట్టి కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన ఆ వివరములు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. ఆయన ఒంటరివాడు కాడు. వెంట సుమారు నూరుమంది పరివారము, పల్లకీ బోయీలు, వంటవారు ఉండిరి. తన అన్నము తనవారే వండిపెట్టుచుండగా పరాయి వంట తినవలసిన అగత్యము ఆయనకు లేదు. అయినను ప్రతి మజిలీలోను ఆ ఊరిలో అంగళ్ళున్నవా, ఏయే సరకులు దొరకును, నీళ్ళు ఎట్లున్నవి అని విచారించి వ్రాసెను. తన వెనుక వచ్చు బాటసారికి అవి పనికివచ్చునని ఆయనకు తెలియును. ఇంత శ్రద్ధగా వ్రాసినను, ఒక్క లోటు నాకు తోచును. ఏ ఊరిలో ఏమి కొనవచ్చునో ఆ పుస్తకము బాగుగా చెప్పును. ఏ ఊరి ఇల్లాలు ఏమి వండినదో చెప్పుట తక్కువ. నూరుమంది నడుమ నడచువానికి ఊరి ఇండ్ల లోపలి సంగతి ఎట్లు తెలియును?

ఒంటరిగా తిరిగినవానికి తెలియునా అన్న, అదియును నిశ్చయము కాదు. నాలుకను ఇంటివద్ద విడిచి రానివాడు ఒంటరిగా పోయినను పరివారముతో పోయినట్లే. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులలో పలనాటి జొన్నకూటిని, సజ్జకూటిని పరిహసించినవి ఉన్నవి. రాజుల పంక్తిని సన్నబియ్యము తిన్న మహాకవికి ఆ కూడు మింగుడు పడలేదు. చాటువులు చక్కనివే, మనము నేటికిని చెప్పుకొని నవ్వుకొందుము. అయితే ఆ జొన్నకూడు వండిన ఇల్లాలు ఏమనుకొన్నదో ఏ చాటువులోను లేదు. నేడు హైదరాబాదులో చక్కెర వ్యాధికి జడిసి జొన్నరొట్టెకు బండ్ల ముందు వరుసలు కట్టుచున్నారు. పలనాటివారి పగ ఆ విధముగా తీరినదని నా మిత్రుడొకడు అనుచుండును.

ఇక అన్నము పెట్టినవారి వైపు చూతము. కోనసీమలో లంకల గన్నవరము అను ఊరిలో డొక్కా సీతమ్మగారుండిరి. 1841లో మండపేటలో జన్మించి, డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆ ఊరికి వచ్చిరి. 1909లో కన్నుమూసిరి. గోదావరి పాయలు దాటి పోవు బాటసారులకు రాత్రియనక పగలనక ఆమె ఇంటిలో అన్నము దొరకెడిది. ఆమెను గూర్చి ఆ సీమవారు ఒక కథ చెప్పుకొందురు. ఎన్నడును ఊరు కదలని సీతమ్మగారు ఒకమారు అంతర్వేది స్వామిని సేవింపవలెనని పల్లకీ ఎక్కి బయలుదేరిరట. దారిలో ఒక పెండ్లివారి గుంపు ఎదురయ్యెను. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దలు, “కొంచెము ఓర్చుకొనుడు, సీతమ్మగారి ఇల్లు వచ్చుచున్నది, అక్కడ అన్నము తినవచ్చును” అని ఓదార్చుచుండిరి. అది చెవిని పడగానే ఆమె పల్లకీ వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించిరట. నాటి రైతు కుటుంబమునకు అంతమందికి పెట్టుట మాటలు కాదు. పెట్టి పెట్టి ఆ ఇల్లు బరువెక్కినదనియు చెప్పుదురు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. గోదావరి మీది గన్నవరము అక్విడక్టు కూడ ఆమె పేరనే ఉన్నది. దాని మీదుగా పోవువారిలో ఎందరికి ఆ పేరు వెనుక ఉన్న పొయ్యి గుర్తుకు వచ్చునో!

అయితే పూర్వకాలమంతయు అన్నపూర్ణా నిలయమని చెప్పి నేను మిమ్ములను మభ్యపెట్టను. మన సత్రములలో చాలవాటికి గుమ్మములోనే కులము అడుగబడెడిది. పూటకూళ్ళ ఇండ్లలోను పంక్తి అందరిది కాదు. ఇరువదవ శతాబ్దిలో హోటళ్ళు వచ్చినప్పుడును బ్రాహ్మణ హోటలని బోర్డులు కట్టిరి. రైల్వే స్టేషనులలో హిందువులకు ఒక కుండ, ముస్లిములకు ఒక కుండ పెట్టిరి. ఆ రెంటిలో దేనిని ముట్టరాని బాటసారి ఎండలో ఏమి త్రాగెనో ఏ యాత్రాగ్రంథమును చెప్పదు. అతడు యాత్రాగ్రంథము వ్రాయలేదు గనుక. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములో దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళు, బావులు, చెరువులు ఎవరికిని కులమతములను బట్టి నిషేధింపరాదని శాసించినది. ఆ తరువాత దశాబ్దముల పాటు మన పల్లెల చాయ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి నడచినదని ఈ సభలోని పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు. పైవాడు ఊరిలో అడుగు పెట్టగానే, “మీరెవరు?” అని మనము అడుగుదుము. ఆ ప్రశ్నకు పేరు చెప్పిన చాలదు, ఊరు చెప్పిన చాలదు. మనము దేనికొరకు అడుగుచున్నామో మనకు తెలియును, అతనికిని తెలియును. ఆ ప్రశ్న వేసిన తరువాత ఎంత నేయి పోసినను ఆ అన్నము అతని గొంతు దిగదు.

మా లష్కరులో ఈ ప్రశ్న అడుగని చోటు ఒకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను ఇరాను దేశీయులు బొంబాయి, పూనా మీదుగా వచ్చి హైదరాబాదు, సికింద్రాబాదులలో చాయ హోటళ్ళు పెట్టిరి. పాలరాతి బల్లలు, వంగిన కొయ్య కుర్చీలు వాని గుర్తు. డికాక్షనును మూత బిగించిన పాత్రలో సన్నసెగ మీద మగ్గించుదురు. పాలను వేరుగా, చిక్కబడువరకు కాచుదురు. రెంటిని కప్పులోనే కలుపుదురు. చిక్కదనము కోరువాడు ‘పౌనా’ అనును. డబ్బు తక్కువైనవారిద్దరు ఒకటి తెప్పించుకొని రెండు కప్పులలో పంచుకొందురు. ఉప్పదనము తగులు ఉస్మానియా బిస్కత్తు ప్రక్కన పెట్టుకొని గంటసేపు కూర్చున్నను ఎవ్వరును లేవుమనరు.

ఆ హోటళ్ళలో నాకు నచ్చునది చాయ మాత్రమే కాదు. ఖాళీ బల్ల కొరకు ఎదురుచూచుట అక్కడ లేదు, ఖాళీ కుర్చీ చాలును. కనుక ఒంటరివాడు ఎవరో ఒకరి ఎదుట కూర్చుండవలసినదే. జీతము తగ్గిన గుమాస్తా, సెలవుపై పోవు సిపాయి, పెండ్లి సంబంధము వెదకు తండ్రి, ఇట్టి వారెందరో నా ఎదుట కూర్చుండిరి. పేరు తెలియకయే గంటసేపు మాట్లాడుకొని లేచి పోయిరి. సైన్యము వెంట వచ్చిన తమిళుల మనుమలు, సిక్కులు, మార్వాడీలు, మహారాష్ట్రులు అందరును ఆ బల్లల వద్ద కనబడుదురు. అట్టి హోటళ్ళు ఇప్పుడు చాలవరకు మూతపడినవి. మిగిలినవానిలో కొన్నిటిలో కుర్చీలు తీసివేసి నిలబడి త్రాగుమనుచున్నారు. చాయ అదియే గాని, నిలబడినవాడు ఎంతసేపు మాట్లాడును?

ఎవరినీ ఏమియు అడుగక అన్నము పెట్టుటకు మన దేశములో అందరికంటె గొప్ప ఉదాహరణము సిక్కుల లంగరు. అమృతసరములోని స్వర్ణదేవాలయములో రాత్రింబవళ్ళు పంక్తి నడచుచుండును. నేల మీద ఒకే వరుసలో కూర్చుండవలెను, రొట్టెను రెండు చేతులు చాచి పుచ్చుకొనవలెను. తిన్న తరువాత ఇష్టమున్నవాడు గిన్నెలు కడుగుటకు కూర్చుండవచ్చును. ఒంటరిగా పోయినవాడు తప్పక ఆ గిన్నెల వద్దకు పోవలెనని నా సలహా. భాష రానివానికి అంతకంటె త్వరగా పరిచయము కలుగు చోటు లేదు. చేతులు పనిలోనుండగా మనుష్యులు దాపరికము లేక మాట్లాడుదురు.

మన తెలుగువారిలో ఒంటరి నడకను వ్రతముగా పట్టినవారు మాచవరపు ఆదినారాయణగారు. ఆయన ‘భ్రమణకాంక్ష’ చదివిన యువకుడు ఇంటిలో నిలుచుట కష్టము. తల్లిదండ్రులు నన్ను తిట్టినను సరే, దానిని కూడ తెప్పింపుడు.

ఒంటరిగా పోవు ఆడపిల్లను గూర్చి ఒక మాట. “అమ్మాయి ఒక్కతె పరాయి ఊరికేల?” అని అడుగు రోజులు పోయినవి. చదువునకు, కొలువునకు ఆమె పోవుచునే ఉన్నది. ఆమెకు మగవానికి లేని బరువులున్నవి. చీకటి పడిన తరువాత సందులోని బండి రుచి ఆమెకు అందుబాటులో ఉండదు, అది ఆమె తప్పు కాదు. ఇంటివారు నడుపు మెస్సు, గుడిలోని అన్నదానపు పంక్తి, పట్టపగటి వేళ, వంట చేయు స్త్రీతో నేరుగా మాట, ఇవి ఆమెకు మేలు. స్త్రీకి వంటింటి తలుపు పురుషునికంటె త్వరగా తెరచుకొనునని కూడ నేను గమనించితిని. నేను పది దినములు తిరిగి హోటలులో తినివచ్చిన ఊరిలో, మా మేనకోడలు ఒక్క మధ్యాహ్నములో మూడిండ్ల పచ్చళ్ళు రుచి చూచి, ఒకదానిని సీసాలో తెచ్చినది.

ఒంటరివాడు డబ్బు పెట్టక కూర్చుండగల మరియొక చోటు గ్రంథాలయము. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము, మా సికింద్రాబాదులో 1905లో ఆంధ్రసంవర్ధినీ గ్రంథాలయము స్థాపించినవారు భాష కొరకు స్థాపించిరి. ఊరు కాని ఊరిలో తెలుగు పత్రిక కొరకు వచ్చినవాడు, ప్రక్క కుర్చీలోనివానితో మాట కలుపకుండునా? అందుచేత మీ కార్యవర్గమునకు ఒక ప్రార్థన. ఈ రజతోత్సవపు జ్ఞాపకముగా మీ పఠనమందిరములో, పత్రికల బల్ల మీద, ఒక లావుపాటి నోటుపుస్తకము దారముతో కట్టి ఉంచుడు. మీ ఊరికి ఒంటరిగా వచ్చువాని కొరకు అందులో వ్రాయుడు. పట్నమునకు పోవు చివరి బస్సు ఎన్ని గంటలకో, మంచినీళ్ళు ఎక్కడనో వ్రాయుడు. ముందుగా చెప్పిన ఎడల డబ్బు పుచ్చుకొని ఒక్కనికైనను వండిపెట్టువారెవరో, వారి సమ్మతితో, వ్రాయుడు. మక్కకంకులు ఏ నెలలోనో, సకినాలు ఏ దినములలోనో, అంబలి ఏ ఇంటి అరుగు మీద దొరకునో వ్రాయుడు. కులము గడి మాత్రము గీయకుడు. ఆ పుస్తకములోనే వెనుకవైపు నుండి, పట్నములో ఒంటరిగా ఉండి వచ్చిన మీ పిల్లలచేత వారు ఎక్కడ తినిరో, ఎవరితో మాట్లాడిరో వ్రాయింపుడు. తరువాత పోవువానికి అది నక్షత్రములకంటె ఎక్కువ పనికివచ్చును.

వెనుక పుటలలో మొదటి పంక్తి నేను ఇప్పుడే వ్రాసి పోయెదను. కార్ఖానాలో బస్సు దిగినవారు ప్రొద్దుట ఆరింటికి రోడ్డు ప్రక్కన ఆటోలు వరుసగా నిలిచిన చోటికి పోవలెను. అక్కడి బండి మీద ఇడ్లీ ఎనిమిదింటికల్లా అయిపోవును. పల్లీల చట్నీ రెండవసారి అడిగిన ఆమె కోపగించుకొనదు.